రెండు చేతుల్లో బీపీ చూసే ముందు: సబ్‌క్లేవియన్ స్టీల్ అనుమానం ఉన్నవారికి జాగ్రత్తలు

చేతికి వెళ్లే సబ్‌క్లేవియన్ ధమని, వెర్టిబ్రల్ ధమని (మెడ గుండా మెదడు వెనక్కి వెళ్లేది) చీలే చోటుకి ముందే మూసుకుపోతే, మెదడు వెనుక భాగానికి ఎక్కాల్సిన రక్తం వెనక్కి తిరిగి చేతిలోకి దిగుతుంది. ఇదే సబ్‌క్లేవియన్ స్టీల్. ఎడమవైపే ఎక్కువ. చేత్తో పని చేసినప్పుడు కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, తూలడం అందుకే.

- అరగంట ముందు నుంచి కాఫీ, పొగ వద్దు. 5 నిమిషాలు కదలకుండా కూర్చోవాలి.
- డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపిన చోటు) ఉన్న చేతికి పట్టీ కట్టకూడదు.
- పట్టీలోని గాలితిత్తి చేతి చుట్టుకొలతలో 80 శాతం చుట్టాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి.
- రెండు చేతులూ వెంటవెంటనే చూడాలి. పై అంకెలో తేడా 15 దాటితే మళ్లీ చూడండి. అప్పుడూ అంతే ఉంటే డాక్టరుకు చెప్పండి.
- ఇకపై ఎక్కువ చూపే చేతినే లెక్కలోకి తీసుకోవాలి. తక్కువ చూపేది అబద్ధపు అంకె. దాన్ని నమ్మితే అసలు బీపీ మందే అందదు. ఎక్కువ జరిగే పొరపాటు ఇదే.
- లక్షణాలు వస్తాయేమోనని చేయి ఆడించి ఇంట్లో పరీక్షించొద్దు, పడిపోవచ్చు. ఆ పని డాప్లర్ (రక్తం ఎటు పారుతుందో చూపే స్కాన్) చేస్తుంది.
- ఎడమ రొమ్ము ధమనితో (అదీ సబ్‌క్లేవియన్ నుంచే చీలుతుంది) గుండె బైపాస్ జరిగి ఉంటే ముందే చెప్పాలి. వాళ్లకు చేతి పనితో గుండెనొప్పి రావచ్చు.

మాట తడబడినా, ఒక పక్క చచ్చుబడినా బీపీ వదిలేసి వెంటనే ఆస్పత్రికి.