రన్ అయిపోయింది సరే, ఒళ్లు ఎందుకు కోలుకోవట్లేదు? సమస్యలు - పరిష్కారాలు

ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు చూసుకుంటూ, తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి హాఫ్ మారథాన్‌కో ఫుల్ మారథాన్‌కో తయారవుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో వస్తుంది కాబట్టి మనవాళ్ల ట్రైనింగ్‌లో కష్టమైన భాగమంతా మే ఎండల్లోనూ, జూన్, జూలై ఉక్కపోతలోనూ పడుతుంది. ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తాలో చార్టులో వివరంగానే ఉంటుంది గానీ, పరిగెత్తాక ఏం చేయాలో అన్న చోట "రెస్ట్" అని ఒక్క మాట రాసి వదిలేస్తారు.

కాళ్లు నొప్పి అనగానే చాలామంది ఫోమ్ రోలర్, మసాజ్ గన్, కంప్రెషన్ సాక్స్ కొనడానికి బయల్దేరతారు. ఎవరు ఏ ఇబ్బంది చెప్పినా నేను మాత్రం ముందు మూడే అడుగుతాను, అదీ ఈ వరుసలోనే: రాత్రి ఎంతసేపు పడుకున్నారు, నిన్న ఏం తిన్నారు, ఈజీ రన్ నిజంగా ఈజీగానే చేశారా? ఈ మూడూ సరిగ్గా ఉంటే అప్పుడు కండరాల సంగతి చూద్దాం.

"సోమవారం మెట్లు దిగలేకపోతున్నాను"

లాంగ్ రన్ (వారంలో అన్నిటికంటే పొడవైన పరుగు) చేసిన రోజు బాగానే ఉంటుంది. మర్నాడు లేచేసరికి తొడల ముందు భాగం పట్టేసి ఉంటుంది, మెట్లు ఎలాగో ఎక్కేస్తారు గానీ దిగాలంటే రెయిలింగ్ పట్టుకోవాల్సిందే. ఈ నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య బాగా ముదిరి, తర్వాత దానంతటదే తగ్గిపోతుంది. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు, కానీ రన్ ఆపిన గంట రెండు గంటల్లోనే లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది, మర్నాటి నొప్పికి దాన్ని తిట్టి లాభం లేదు. అసలు కారణం దిగుడు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆయాసపడతాం, దిగేటప్పుడు హాయిగా ఉందనుకుంటాం, కానీ తొడ కండరం ఒకపక్క సాగుతూనే మన బరువును ఆపాల్సి రావడంతో లోపల సన్నగా దెబ్బతినేది అప్పుడే. విశాఖలో కైలాసగిరి రోడ్డు మీద పరిగెత్తేవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు 20-30 నిమిషాలు నడవండి, లేదా తేలిగ్గా సైకిల్ తొక్కండి. రోజంతా మంచం మీదే ఉంటే ఇంకా బిగుసుకుపోతుంది. స్ట్రెచింగ్‌తో ఈ రకం నొప్పి పెద్దగా తగ్గదు, హాయిగా అనిపిస్తే చేయండి అంతే. ఐస్ బాత్ అంటారా, 10-15 డిగ్రీల నీళ్లలో 10-15 నిమిషాలు కూర్చుంటే నొప్పి కొంత తగ్గే మాట నిజమే, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ రేస్ ఉంటే పనికొస్తుంది కూడా. అయితే జిమ్‌లో బరువులెత్తిన వెంటనే అలా కూర్చుంటే ఆ వ్యాయామం వల్ల కండరానికి రావాల్సిన లాభం తగ్గుతుంది. అయినా మే నెలలో మన ట్యాంకు నీళ్లను 15 డిగ్రీలకు దించాలంటే ఎన్ని ఐస్ దిమ్మలు కావాలో మీరే లెక్కేసుకోండి.

దీనికి సరైన మందు దిగుడునే కొద్దికొద్దిగా అలవాటు చేసుకోవడం. ఒకసారి దిగుడు రుచి చూసిన కండరానికి తర్వాత కొన్ని వారాల పాటు అదే పని అంత నొప్పి పెట్టదు. రేస్‌కు రెండు నెలల ముందు నుంచి రెండు వారాలకోసారైనా ఫ్లైఓవర్లున్న రూట్ పెట్టుకోండి, మొదటిసారి రేస్ రోజునే దిగొద్దు.

"ఈజీ రన్‌లో కూడా కాళ్లు ఈడ్చుకెళ్తున్నట్టుంది"

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే సమస్య ఇదే. వారమంతా ఒకటే పేస్ (పరుగు వేగం), టైమింగ్ ఏమాత్రం మెరుగుపడదు, పొద్దున లేవగానే చూసుకుంటే గుండె వేగం రోజూ ఉండేదానికంటే ఐదారు ఎక్కువ, ఇంట్లో ఎవరు ఏమన్నా చిరాకు.

కారణం చాలాసార్లు ఒక్కటే: తేలిగ్గా పరిగెత్తాల్సిన రోజు గట్టిగా పరిగెత్తుతున్నారు, అందువల్ల గట్టిగా పరిగెత్తాల్సిన రోజు సత్తువ మిగలడం లేదు. గ్రూపులో ఉంటే ఇది ఇంకా ఎక్కువ. కేబీఆర్ పార్కు చుట్టూ నలుగురూ కలిసి మాట్లాడుకుంటూ మొదలుపెడతారు, రెండో కిలోమీటరుకు మాటలు తగ్గుతాయి, నాలుగో కిలోమీటరుకు ఎవరూ మాట్లాడరు, ఎవరూ వెనకబడరు కూడా. ఇంటికొచ్చి యాప్‌లో దానికి "ఈజీ మార్నింగ్ రన్" అని పేరు పెడతారు. ఒలింపిక్ స్థాయి అథ్లెట్ల ట్రైనింగ్‌ను ఏళ్ల తరబడి పరిశీలించిన శాస్త్రవేత్త స్టీఫెన్ సీలర్ చెప్పింది కూడా ఇదే, వాళ్ల సెషన్లలో దాదాపు 80 శాతం తేలికవే ఉంటాయి. మనం వాళ్లంత పరిగెత్తం, వాళ్లంత పడుకోం, కానీ వాళ్ల కంటే ఎక్కువ రోజులు గట్టిగా పరిగెత్తుతాం.

పరిష్కారానికి వాచ్ కూడా అక్కర్లేదు. పక్కవాళ్లకు ఆఫీసు గొడవ మొత్తం ఊపిరి కోసం ఆగకుండా చెప్పగలిగితే అది ఈజీ, రెండు ముక్కలకోసారి ఆగాల్సి వస్తే కాదు. జనవరిలో ఈజీగా అనిపించిన పేస్ జూన్‌లో టెంపో, అంటే గట్టి పరుగు, అయిపోతుందని కూడా గుర్తుంచుకోండి, ఎందుకంటే ఉక్కపోతలో గుండె కాళ్లకు రక్తం పంపుతూనే ఒళ్లు చల్లబరచడానికి చర్మానికీ పంపాలి. కాబట్టి ఎండాకాలం ఈజీ రోజున పేస్ చూడకండి, శ్వాస చూసుకోండి. గట్టి సెషన్లు వారానికి రెండు చాలు (లాంగ్ రన్ కలిపి కూడా), మధ్యలో రెండు రోజుల ఎడం. మూడు వారాలు పెంచితే నాలుగో వారం మూడో వంతు తగ్గించండి. పొద్దుటి గుండె వేగం వరసగా మూడు రోజులు ఎక్కువగా ఉంటే ఆ వారం స్పీడ్ వర్క్ (వేగంగా పరిగెత్తే సెషన్లు) మానేయండి, చార్టు ఏమీ అనుకోదు. రెండు వారాలు పూర్తిగా తగ్గించినా అలసట పోకపోతే అది ట్రైనింగ్ సమస్య అని మీరే తేల్చేసుకోకుండా డాక్టర్‌కు చూపించుకోండి.

"లాంగ్ రన్ అయిన రోజు మధ్యాహ్నానికి తలనొప్పి, నీరసం"

నీళ్లూ ఉప్పూ రెండూ పోయాయి, మీరు ఒక్కటే నింపారు, లేదా రెండూ నింపలేదు. ఎంత పోయిందో ఊహించక్కర్లేదు, తూకం వేయొచ్చు. రన్‌కు ముందు బాత్రూమ్ పని అయ్యాక వీలైనంత తక్కువ బట్టలతో బరువు చూసుకోండి, వచ్చాక చెమట తుడుచుకుని మళ్లీ చూసుకోండి. వెళ్లేటప్పుడు 68 కిలోలు, రెండు గంటలు పరిగెత్తి వచ్చాక 66.4, మధ్యలో అరలీటరు తాగారు అనుకుందాం. తగ్గిన 1.6కి ఆ అరలీటరు కలిపితే ఆ రెండు గంటల్లో పోయిన చెమట రెండు లీటర్ల పైనే. ఇప్పుడు నింపాల్సింది తగ్గిన 1.6 కిలోలకు, ప్రతి కిలోకు 1.25 నుంచి 1.5 లీటర్లు, అంటే 2 నుంచి 2.4 లీటర్లు. ఇది ఒక్కసారిగా కాదు, మూడు నాలుగు గంటల్లో నిదానంగా. ఉత్త నీళ్లయితే తాగింది తాగినట్టే మూత్రంగా పోతుంది, ఉప్పు ఉంటేనే ఒంట్లో నిలుస్తుంది.

అందుకు ఉప్పేసిన మజ్జిగ, పులిహోర, సాంబారు అన్నీ పనికొస్తాయి. కొబ్బరి నీళ్లు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ, చెమటలో పోయేది ఎక్కువగా సోడియం. ఓఆర్‌ఎస్ తాగేవాళ్లు లీటరు నీళ్లలో కలిపే ప్యాకెట్టే తీసుకోండి, దాని మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ప్రకారం గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు అని ఉంటుంది. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్‌ఎస్ పేరు పెట్టుకోవడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశాలిచ్చింది. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు విషయంలో మీ డాక్టర్ చెప్పినట్టే చేయండి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. వెళ్లేటప్పటి కంటే వచ్చాక బరువు పెరిగితే అవసరానికి మించి తాగారన్నమాట, రక్తంలో సోడియం పడిపోతుంది. లాంగ్ రన్ తర్వాత వాంతులు, విపరీతమైన తలనొప్పి, మాట తడబడటం ఉంటే మళ్లీ నీళ్లు పట్టకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

"ఆదివారం పరిగెత్తితే బుధవారం దాకా శక్తి రావట్లేదు"

తిండి చాలడం లేదు. ఈ మాట చెబితే ఎవరూ ఒప్పుకోరు, "నేను బాగానే తింటానండీ" అంటారు. సరే, ఒక ఆదివారం చూద్దాం. 65 కిలోల మనిషి 24 కిలోమీటర్లు పరిగెత్తాడు, కిలో బరువుకు కిలోమీటరుకు సుమారు ఒక కేలరీ చొప్పున 1,500 పైనే ఖర్చయింది. నెక్లెస్ రోడ్డు దగ్గర స్ట్రాంగ్ కాఫీ, మూడు ఇడ్లీలు, ఫొటోలు. ఇడ్లీలు చట్నీతో కలిపినా 300 కేలరీల చుట్టుపక్కలే. ఇంటికెళ్లి స్నానం, నిద్ర. లేచేసరికి రెండున్నర, అప్పుడు బిర్యానీ. పొద్దున ఏడున్నర నుంచి మధ్యాహ్నం దాకా కండరాలు అడిగినంత పిండిపదార్థం అందనే లేదు. పైగా ఇందులో కొందరు బరువు తగ్గాలని రాత్రి అన్నం కూడా మానేస్తారు.

కండరాల్లో గ్లైకోజెన్ (నిల్వ ఉండే పిండిపదార్థం) మళ్లీ నిండటానికి బాగా తింటేనే దాదాపు 24 గంటలు పడుతుంది. రన్ అయిన గంటలోపు కిలో బరువుకు ఒక గ్రాము పిండిపదార్థం, 20-25 గ్రాముల ప్రొటీన్ చూసుకోండి. ఇడ్లీలు మానక్కర్లేదు, నాలుగైదు తినండి, వాటితో మూడు గుడ్లు, గ్లాసు పాలు. గుడ్డు తిననివాళ్లకు పెసరట్టు, గ్లాసు పాలు, గుప్పెడు పల్లీలు, అరటిపండు. మధ్యాహ్నం అన్నం, ముద్దపప్పు, పెరుగు కడుపు నిండా. రోజు మొత్తానికి కిలోకు 1.4 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్ కావాలి, 65 కిలోలకు 90-100 గ్రాములు. మన మామూలు శాకాహార భోజనంలో అంత రాదు, పప్పు గిన్నెడు తిన్నా ఏడెనిమిది గ్రాములే. పనీరో, మీల్ మేకరో, వే ప్రొటీన్ పొడో ఏదో ఒకటి చేర్చాల్సిందే.

అమ్మాయిలకు ప్రత్యేకంగా చెప్పాలి. ట్రైనింగ్ పెంచాక పీరియడ్స్ ఆగిపోయినా, బాగా ఎడమైనా "పోనీలే, హాయిగా ఉంది" అనుకోవద్దు. ఖర్చుకు తగ్గ తిండి లేక శరీరం ఒక్కో పనీ ఆపేస్తోందని అర్థం, తర్వాత దెబ్బ పడేది ఎముకల మీద. గైనకాలజిస్ట్‌ను కలవండి, మైలేజీ తగ్గించండి, తిండి పెంచండి.

"ఇంత అలసిపోయినా నిద్ర పట్టట్లేదు"

రాత్రి ఎనిమిదిన్నరకు ఇంటర్వెల్స్ (ఆగి ఆగి వేగంగా పరిగెత్తడం) చేసి పదిన్నరకు పడుకుంటే ఒళ్లు ఇంకా వేడిగానే ఉంటుంది, గుండె వేగం ఇంకా దిగి ఉండదు. సాయంత్రం ఐదింటి కాఫీలో సగం కెఫీన్ రాత్రి పదింటికి కూడా ఒంట్లో ఉంటుంది. గట్టి సెషన్లను పొద్దుటికి మార్చండి, సాయంత్రమే కుదిరితే తేలికవి పెట్టుకోండి, కాఫీ మధ్యాహ్నంతో ఆపేయండి. అమెరికా కాల్ అయ్యేసరికి ఒంటి గంట అయితే నాలుగున్నర అలారం తీసేయండి. ఐదు గంటల లోపు పడుకున్న రోజు స్పీడ్ వర్క్ వద్దు, మధ్యాహ్నం 20 నిమిషాల కునుకు తీసి సాయంత్రం తేలిగ్గా అరగంట చాలు. లాంగ్ రన్ తర్వాత బీరుతో సంబరాలు చేసుకునేవాళ్లకు ఆ రాత్రి నిద్ర ఎలా ఉంటుందో వాళ్ల వాచీయే చెబుతుంది.

"నెలలుగా ఇంతే, మెట్లెక్కినా ఆయాసం"

రక్త పరీక్ష చేయించుకోండి, హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) అని అడిగి మరీ. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఐరన్ నిల్వలు అడుగంటడం రన్నర్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో మామూలే. భోజనంతో పాటు టీ, కాఫీ తాగితే ఐరన్ సరిగ్గా ఒంటబట్టదు, గంట ఎడం ఇవ్వండి. ఐరన్ మాత్రలు మాత్రం రిపోర్టు చూడకుండా మింగొద్దు.

"ఒళ్లు నొప్పులు, కాస్త వెచ్చగా ఉంది, లాంగ్ రన్ వల్లేనా?"

లాంగ్ రన్ వల్ల కాళ్లు నొప్పి పెడతాయి, జ్వరం రాదు. హైదరాబాద్‌లో మారథాన్ సీజన్, డెంగీ సీజన్ ఒకేసారి వస్తాయి కాబట్టి ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. డెంగీ అని తెలియక ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుంటే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. జ్వరానికి పారాసిటమాల్ వేసుకుని పరీక్ష చేయించుకోండి. జ్వరంతో పరిగెత్తకండి, గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది. తగ్గాక కూడా వారం పది రోజులు నడకతోనే మొదలుపెట్టండి.

జ్వరం లేకపోయినా, లాంగ్ రన్‌కు ముందో మధ్యలోనో పెయిన్ కిల్లర్ మింగే అలవాటు మానుకోండి. నీళ్లు తగ్గిన ఒంట్లో అది కిడ్నీల మీద పడుతుంది. రన్ తర్వాత కండరాలు భరించలేనంత నొప్పిగా ఉండి, మూత్రం కోలా రంగులో వస్తే ఆ పూటే ఎమర్జెన్సీకి వెళ్లాలి, మర్నాడు చూద్దామనుకోవద్దు.

"నొప్పి ఇక్కడే, ఒక్క చోటే"

కండరం నొప్పి అయితే చెయ్యి మొత్తం తొడ మీద తిప్పి చూపిస్తారు. మోకాలి కింద ముందువైపు ఎముక మీదో, పాదం పైనో ఒక్క వేలితో చూపించి, అక్కడ నొక్కగానే జివ్వుమంటే అది వేరే సంగతి. పరిగెత్తేకొద్దీ పెరగడం, రాత్రి పడుకున్నా సలపరం, ఒంటికాలి మీద గెంతితే అదే చోట పోటు, ఇవన్నీ ఎముకకు ఒత్తిడి దెబ్బ తగిలిందనడానికి గుర్తులు. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, "ఎక్స్‌రే బాగానే ఉంది" అని మళ్లీ పరుగు మొదలుపెట్టకండి, ఎమ్మారై అవసరమా అని ఆర్థోపెడిక్ డాక్టర్‌ను అడగండి. గజ్జల్లో లోతుగా నొప్పి ఉంటే తుంటి ఎముక మెడ దగ్గర పగులు కావచ్చు, ఆ కాలి మీద బరువు వేయకుండా అదే రోజు చూపించుకోండి.