గాలి, అలల నడుమ కయాక్: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

సమస్య: వెళ్లేటప్పుడు తేలికగా సాగిన కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) తిరుగు ప్రయాణంలో ముందుకు కదలడం లేదు.

ఒడ్డు నుంచి నీటి లోపలి వైపుకు వీచే గాలి ఇందుకు ముఖ్యకారణం. ఒడ్డు చాటున నీరు నిశ్చలంగా కనిపిస్తుంది, దూరం పోయేకొద్దీ అలలు పెరుగుతాయి. గాలి వేగం 10 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.) నుంచి 20కి పెరిగితే దాని ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గాలికి ఎదురుగా ఆటుపోటు ప్రవాహం ఉంటే అలలు నిటారుగా లేస్తాయి. అందుకే మొదట గాలికి ఎదురుగా వెళ్లి, గాలివాటున తిరిగి రావాలి. ఇప్పటికే చిక్కుకున్నట్లయితే, బయలుదేరిన చోటికే చేరాలన్న పట్టుదల మాని, చేరగలిగిన చాటు ఏదైనా అటే సాగాలి.

సమస్య: పక్కగాలిలో పడవ ముక్కు పదేపదే గాలి వైపు తిరుగుతోంది.

నీటిని చీల్చుకుంటూ సాగే ముందు భాగానికి పట్టు ఎక్కువ, వెనుక భాగానికి తక్కువ కనుక గాలి వెనుక భాగాన్ని నెట్టేస్తుంది. స్కెగ్ (పడవ వెనుక అడుగున దించే రెక్క) గాని చుక్కాని గాని ఉంటే దించాలి. లేకపోతే పడవను గాలి వచ్చే వైపుకు కొద్దిగా వాల్చి, అదే వైపు తెడ్డును వెడల్పైన వంపులో లాగాలి.

సమస్య: నీటిలో పడగానే ఊపిరి అందడం లేదు.

నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. చల్లటి నీరు చర్మానికి తగలగానే మనిషి తన ప్రమేయం లేకుండానే గట్టిగా ఎగపీలుస్తాడు. ఆ క్షణంలో ముఖం నీటిలో ఉంటే, ఎంతటి ఈతగాడైనా నీరు మింగుతాడు. మొదటి ఒకటి రెండు నిమిషాలు ఈదే ప్రయత్నం చేయకుండా పడవను పట్టుకుని తేలుతూ శ్వాసను అదుపులోకి తెచ్చుకోవాలి. అతిశీతల నీటిలో చేతులు సుమారు 10 నిమిషాలే మాట వింటాయి కనుక, శ్వాస కుదుటపడగానే తిరిగి ఎక్కాలి. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. ఎండ ఎంత ఉన్నా నీటి చలిని బట్టే, ఒంటి వేడిని నిలిపే వెట్‌సూట్ లేదా లోపలికి నీరు చొరనివ్వని డ్రైసూట్ వేసుకోవాలి.

లైఫ్ జాకెట్ చెవుల దాకా ఎగదన్నుతుంటే అది వదులుగా ఉన్నట్టు. ముందు నడుము పట్టీని, తర్వాత భుజాల పట్టీలను బిగించి, మరొకరిచేత భుజాల దగ్గర పైకి లాగించి చూడాలి. అప్పటికీ లేస్తుంటే చిన్న కొలత అవసరం.

సమస్య: బోల్తా పడ్డాక పడవ చేజారిపోయింది.

ఖాళీ పడవను గాలి ఈతగాడి కంటే వేగంగా తీసుకుపోతుంది. విశాలమైన నీటిలో, సులువుగా ఊడదీయగల లీష్ (మనిషిని పడవకు కలిపే తాడు) కట్టుకోవాలి. కొమ్మలు అడ్డుపడే నదీ ప్రవాహంలో మాత్రం అదే లీష్ ప్రాణాంతకం కావచ్చు. విజిల్, వీహెచ్‌ఎఫ్ రేడియో (ఓడలతో, తీరంతో మాట్లాడే చేతి రేడియో) పడవలో కాక జాకెట్ జేబులోనే ఉండాలి. సముద్రంలో ఆపద పిలుపు ఛానల్ 16లో ఇవ్వాలి, మీరున్న చోటు తప్పక చెప్పాలి.