మొదటి వెబ్ పేజీకి కూర్చునే ముందు

కోడ్ ఎడిటర్ తెరవకముందే కాగితం మీద పేజీ గీసుకోండి. ఏది పైన రావాలి, ఏది కింద. పది నిమిషాలు చాలు.

ఫైళ్ల పేర్లన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి, మధ్యలో ఖాళీ వదలకండి. ఇది చాలా ముఖ్యం. నేను ఒకసారి ఫొటో పేరు పెద్ద అక్షరంతో మొదలుపెట్టి, కోడ్‌లో చిన్న అక్షరం రాశాను. నా విండోస్ కంప్యూటర్‌లో బాగానే కనిపించింది, సర్వర్‌కి (పేజీని నెట్‌లో అందరికీ అందించే కంప్యూటర్‌కి) ఎక్కించగానే ఫొటో మాయం. ఆ సర్వర్‌లో ఉన్నది విండోస్ కాదు, లినక్స్; దానికి ఆ రెండూ వేర్వేరు పేర్లు. అది తెలిసేదాకా సాయంత్రమంతా టెన్షనే.

పేజీ కోడ్ మొదట్లో బ్రౌజర్‌కి సూచనలు రాసే హెడ్ ట్యాగ్‌లో రెండు లైన్లు ఉన్నాయా చూసుకోండి:

- క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8, అంటే అక్షరాలను ఏ పద్ధతిలో చదవాలో బ్రౌజర్‌కి చెప్పే లైను. ఇది లేకపోతే తెలుగు అక్షరాలు పిచ్చి గుర్తుల్లా రావచ్చు.
- వ్యూపోర్ట్, అంటే పేజీని ఫోన్ తెర వెడల్పుకి సరిపెట్టమని చెప్పే లైను. లేకపోతే ఫోన్‌లో పేజీ మొత్తం చీమ తలకాయంత అక్షరాలతో కనిపిస్తుంది.

తెలుపు మీద లేత బూడిద రంగు అక్షరాలు వద్దు, దయచేసి. చూపు తగ్గినవాళ్లు ఎంత అవస్థ పడతారో! అక్షరానికీ వెనక రంగుకీ కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) మామూలు సైజు అక్షరాలకైతే కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ, అంటే వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా చేయడానికి రాసిన మార్గదర్శకాలు, చెబుతున్నాయి. బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్‌లోనే దీన్ని చూసుకోవచ్చు. ఫొటోలకు ఆల్ట్ వివరణ (ఫొటోలో ఏముందో చెప్పే మాటలు) కూడా రాయండి, చూపు లేనివాళ్లకు పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదివేది దాన్నే.

కెమెరా ఫొటోను నేరుగా పెట్టకండి, సైజు తగ్గించండి.

ఫ్రేమ్‌వర్క్‌ల (ముందే రాసి పెట్టిన కోడ్ కట్టల) జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు పేజీలో ఏముండాలో రాసే హెచ్‌టీఎంఎల్, అది ఎలా కనిపించాలో చెప్పే సీఎస్‌ఎస్ చేతికి రావాలి. ఏదైనా మార్చే ముందు ఫోల్డర్ కాపీ ఒకటి పక్కన పెట్టుకోండి.