ల మోర్న్ తీరంలో సంధ్యవేళ గుర్రపు స్వారీ: బుకింగ్ నుంచి జీను దిగేదాకా

మారిషస్ దీవికి నైరుతి కొసన, సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల మీద, 556 మీటర్ల ఎత్తున నిటారుగా నిలిచిన నల్లరాతి కొండ ల మోర్న్ బ్రబాన్. దాని పడమటి పాదాన తెల్లని ఇసుక తీరం ఉంది. ఇసుకకు ఒక వైపున మన కోస్తాలో కనిపించే సరుగుడు చెట్ల వరుసలే కనిపిస్తాయి. మరో వైపున పగడపు దిబ్బలు దూరంగా అలలను ఆపేయడం వల్ల చెరువులా నిలకడగా ఉండే లోతు తక్కువ నీళ్ళు ఉంటాయి. పొద్దు వాలే వేళకు ఆ ఇసుక మీద గైడ్ వెంట గుర్రమెక్కి తిరిగి రావాలని అనుకునేవారి కోసం, ముఖ్యంగా ఇంతకుముందు ఎన్నడూ జీనెక్కని మనవారి కోసం, ఈ వివరాలు రాస్తున్నాను. సూర్యాస్తమయం ప్రతిరోజూ ఉంటుంది కాబట్టి దాని గురించి బెంగపడనక్కరలేదు. మీ స్వారీ ఎలా ఉంటుందన్నది మీరు ఎక్కే గుర్రం ఎంత సుఖంగా ఉందన్నదాని మీదే ఆధారపడుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో సగం గుర్రం గురించే ఉంటుంది.

ముందుగా వేళ సంగతి చూద్దాం. మారిషస్ గడియారం మన గడియారం కన్నా గంటన్నర వెనక నడుస్తుంది. అక్కడ జూన్ నెలలో సూర్యుడు సాయంత్రం 5:45కు అటూ ఇటూగా, జనవరి మొదట్లో దాదాపు 7 గంటలకు అస్తమిస్తాడు. ఉష్ణమండలంలో సూర్యుడు దాదాపు నిలువుగా దిగిపోతాడు కాబట్టి మునిగిన తరువాత మిగిలే వెలుగు అరగంట కూడా ఉండదు. గంటన్నర స్వారీ అయితే సూర్యాస్తమయానికి గంటంబావు ముందే బయలుదేరాలి, బయలుదేరడానికి కనీసం అరగంట ముందు గుర్రపుశాలకు చేరుకోవాలి. రాజధాని పోర్ట్ లూయిస్ నుంచి కారులో ఈ చోటికి గంటకు పైనే పడుతుంది, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ అయితే ఇంకా ఎక్కువ పడుతుంది. ఆలస్యంగా వచ్చినవారి కోసం నిర్వాహకులు గుర్రాలను తొందరపెట్టడం నేను చూశాను. ఆ తొందర గుర్రానికీ మంచిది కాదు, కొత్తగా ఎక్కేవారికీ మంచిది కాదు.

నెల ఎంచుకునే వీలుంటే మే నుంచి అక్టోబరు దాకా వెళ్ళడం మేలు. అది వాళ్ళకు చలికాలం కాబట్టి ఎండ తీవ్రత తగ్గి గుర్రాలు హుషారుగా ఉంటాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉక్కపోత, తుపానుల భయం రెండూ ఉంటాయి. అయితే చలికాలంలో ఆగ్నేయపు గాలి బలంగా వీస్తుంది, ఆ గాలి కోసమే కైట్ సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుండగా పలక మీద నిలబడి నీటిపై జారే ఆట) చేసేవారు ఈ ద్వీపకల్పానికి వస్తారు. నెత్తి మీద హఠాత్తుగా లేచే రంగుల గుడ్డను చూసి బెదరని గుర్రాలు తక్కువ కాబట్టి, తీసుకువెళ్ళే దారి ఆ ఆటగాళ్ళు ఉండే చోటికి దూరంగా ఉంటుందా అని బుక్ చేసుకునేటప్పుడే అడగండి.

శాలను ఎంచుకోవడంలో ఇంటర్నెట్‌లో కనిపించే ఫొటోల కన్నా మీ కళ్ళనే నమ్ముకోండి. వీలైతే ఒకరోజు ముందు ఉదయం పూట వెళ్ళి ఊరికే చూసి రండి. పోర్ట్ లూయిస్‌లోని షాన్ ద మార్స్ మైదానంలో 1812 నుంచి గుర్రప్పందేలు జరుగుతున్నాయి, పందేల నుంచి విరమించిన గుర్రాలు స్వారీ శాలలకు చేరడం ఈ దీవిలో మామూలే. పందెపు గుర్రం అయినంత మాత్రాన భయపడనక్కరలేదు. దానికి కొత్త జీవితం నేర్పడానికి నెలల ఓపిక కావాలి, ఆ ఓపిక పెట్టారో లేదో దాని తీరులో తెలిసిపోతుంది. జీను తెస్తుండగా గుర్రం చెవులు వెనక్కి అతికించి పళ్ళు చూపుతోందంటే దాని వీపు నొప్పిగా ఉండవచ్చు. జూలు ముగిసే చోట ఉండే మూపు ఎముక దగ్గర, నల్లటి లేదా గోధుమ రంగు ఒంటి మీద రూపాయి బిళ్ళంత తెల్లని వెంట్రుకల మచ్చలు కనిపిస్తే, అక్కడ ఎప్పుడో సరిపడని జీను ఒరుసుకుని పుండు పడి మానిందని అర్థం. పాత మచ్చ కనిపిస్తే ఇప్పటి యజమానిని తప్పుపట్టలేము. పచ్చి పుండు మీద జీను వేస్తుంటే మాత్రం ఎక్కకండి. ఒకసారి ఒకచోట నేను అలాంటి పుండు చూసి, కట్టిన డబ్బు వదులుకుని వెనక్కి వచ్చేశాను. ఆ నిర్ణయం గురించి నాకు ఇప్పటికీ విచారం లేదు. ఇవి కాక గుర్రాలకు నీడ, తొట్టెలో శుభ్రమైన నీళ్ళు, డెక్కలకు గట్టిగా కూర్చున్న లాడాలు ఉన్నాయేమో చూడండి. ఒక్కో గుర్రాన్ని రోజుకు ఎన్నిసార్లు పంపుతారని అడగండి. ఈ ప్రశ్నకు విసుగు లేకుండా జవాబు చెప్పే శాలనే ఎంచుకోండి.

మీ బరువు దాచవద్దు. జీనుతో కలిపి మోసే బరువు గుర్రం సొంత బరువులో ఐదో వంతుకు మించకూడదని స్వారీ తెలిసినవారు సాధారణంగా పాటించే లెక్క. గుర్రం 450 కిలోలు ఉంటే మోత 90 కిలోలకు లోపు ఉండాలి, అందులో జీను బరువు కూడా పోతుంది. చాలా శాలలు ఇలాంటి పరిమితినే పెట్టుకుంటాయి. మొహమాటపడి పది కిలోలు తగ్గించి రాస్తే, ఆ తేడా భారం ఇసుకలో దిగబడుతూ నడిచే జంతువు వీపు మీద పడుతుంది. అలాగే ఎన్నడూ ఎక్కలేదన్న మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పండి. ఊటీలోనో, విశాఖ రామకృష్ణా బీచ్‌లోనో ఎవరో తాడు పట్టుకుని నడిపిస్తుండగా పది నిమిషాలు కూర్చోవడాన్ని అనుభవంగా లెక్కవేయకూడదు. గర్భిణులు, నడుము నొప్పి ఉన్నవారు ఈ స్వారీ జోలికి పోవద్దు. ప్రయాణ బీమా తీసుకున్నవారు అందులో గుర్రపు స్వారీకి వర్తింపు ఉందో లేదో చదువుకోవాలి, కొన్ని పాలసీలు దీన్ని ప్రత్యేకంగా మినహాయిస్తాయి.

దుస్తుల విషయంలో మనవాళ్ళు చేసే పొరపాటు ఫొటో కోసం ముస్తాబు కావడం. కాళ్ళను చీలమండ దాకా కప్పే సాగే గుణమున్న ప్యాంటు వేసుకోండి. జీన్స్ ప్యాంటు లోపలి కుట్టు తొడలను ఒరిపిస్తుంది కాబట్టి అంత మంచిది కాదు. దుపట్టా, వదులు పైట, వేలాడే గొలుసులు గదిలోనే ఉంచి రండి. గాలికి ఎగిరే దుపట్టా గుర్రానికి వెనక నుంచి ఏదో మీదపడుతున్నట్టు కనిపిస్తుంది. వేళ్ళు కప్పి ఉండి, చిన్న మడమ ఉన్న బూట్లు వేసుకోవాలి. ఆ మడమ వల్లనే కాలు రికాబు (జీనుకు వేలాడే, పాదం పెట్టే కొండీ) లోంచి ముందుకు జారి ఇరుక్కుపోకుండా ఉంటుంది. చెప్పులతో ఎక్కనిచ్చే శాలను నమ్మకండి. హెల్మెట్ కనుబొమల పైన రెండు వేళ్ళ ఎడంలో కూర్చోవాలి, పట్టీ పెట్టకముందే తల ఊపినా అది కదలకూడదు. సన్‌స్క్రీన్ రాసుకున్నాక అరచేతులు తుడుచుకోండి, లేకపోతే పగ్గాలు జారతాయి. సంధ్యవేళ దోమలు లేస్తాయి కాబట్టి దోమల మందు కూడా పూసుకోవాలి. దాన్ని గుర్రం ముక్కుకు దూరంగా, కారు దగ్గరే పూసుకోండి.

గైడ్‌లు తమలో తాము ఫ్రెంచి నుంచి పుట్టిన స్థానిక భాష క్రియోల్ మాట్లాడుకున్నా మీతో ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో మాట్లాడతారు. మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళిన చెరకు తోటల కూలీల సంతతి అక్కడ నేటికీ ఉంది, ఒకప్పుడు తెలుగువారిని ఆ దీవిలో కోరంగీలనే పిలిచేవారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. అందువల్ల మీరెక్కడి నుంచి వచ్చారని అడిగితే తెలుగువాళ్ళమని చెప్పండి, మాట కలవడానికి అది మంచి దారి.

ఇక ఎక్కడం సంగతి. గుర్రానికి ఎదురుగా ముక్కు కొస ముందూ, సరిగ్గా తోక వెనకా ఏమీ కనిపించదు. అందుకని ఎడమ భుజం వైపు నుంచి, పేరు పెట్టి పిలుస్తూ దగ్గరకు వెళ్ళండి. మెడ మీద అరచెయ్యి ఆనించి ఒక క్షణం ఆగండి. మీ చేతి కింద చర్మం ఒక్కసారి అదిరి, తరువాత నెమ్మదిస్తుంది, చెవి ఒకటి మీ వైపు తిరుగుతుంది. అప్పుడు ఎత్తు బల్ల మీద నిలబడి ఎక్కండి. నేల మీద నుంచి వేలాడుతూ ఎక్కితే జీను ఒక పక్కకు లాగి గుర్రం వెన్ను మెలితిరుగుతుంది. కూర్చునేటప్పుడు ధబ్బున పడకుండా తొడల మీద బరువు ఆపుకుంటూ దిగాలి. కూర్చున్నాక రికాబుల పొడవు సరిచేయించుకోండి. కాలు వేలాడేస్తే రికాబు అడుగు చీలమండ ఎముక దగ్గరకు రావాలి. పాదం ముందు భాగం మాత్రమే రికాబు మీద ఉండాలి, మడమ కాస్త కిందికి దిగి ఉండాలి. గుర్రం పొట్ట కింద బిగించే తంగును బయలుదేరే ముందు మరోసారి చూడమని గైడ్‌ను అడగండి. మొదట ఊపిరి బిగబట్టే గుర్రాలు ఉంటాయి, పది అడుగులు నడిచాక తంగు వదులవుతుంది.

నడిపించడానికి పిక్కలతో మెల్లగా నొక్కితే చాలు. ఆపడానికి వెన్ను నిటారుగా చేసి లోతుగా కూర్చుని, పగ్గాలను లాగి వదలాలి, మళ్ళీ లాగి వదలాలి. లాగిపట్టి ఉంచకూడదు. పందేలలో తిరిగిన గుర్రానికి బిగపట్టిన కళ్ళెం అంటే ఇంకా పరుగెత్తమన్న సంకేతం, కాబట్టి భయంతో గట్టిగా లాగేకొద్దీ అది వేగం పెంచుతుంది. ఇది ముందే తెలియకపోవడం వల్ల హడలిపోయేవారు చాలామంది. ముందు గుర్రానికి ఒక గుర్రం పొడవంత దూరం ఉంచండి. మీ గుర్రం రెండు చెవుల మధ్య నుంచి ముందున్న దాని వెనక డెక్కలు కనిపిస్తుంటే దూరం సరిపోయినట్టు. తోకకు ఎర్ర రిబ్బను కట్టి ఉంటే అది తన్నే గుర్రం అని గుర్తు.

దారి సరుగుడు చెట్ల నీడ గుండా మొదలైనా, తెరిచిన ఇసుక మీద నుంచి నీడలోకి మళ్ళినా, గుర్రం ఒక్క నిమిషం తటపటాయిస్తే కాళ్ళతో తన్నవద్దు. చీకట్లో దాని చూపు మన చూపు కన్నా మెరుగే కానీ, వెలుగు నుంచి నీడకు అలవాటు పడడానికి దాని కళ్ళకు మనకన్నా ఎక్కువ సేపు పడుతుంది. ఈ కొండ కిందికి వచ్చాక గొంతులు తగ్గించడం కూడా మర్యాద. చెరకు తోటల యజమానుల నుంచి తప్పించుకున్న బానిసలు తలదాచుకున్న కొండ ఇది. 2008లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయిన రోజును మారిషస్ ప్రజలు ఏటా తలుచుకుంటారు. అలాంటి కొండ కింద కేకలు వేస్తూ గుర్రాలను దౌడు తీయించడం నాకు తప్పుగానే తోస్తుంది.

నీళ్ళలోకి దిగే ఏర్పాటు ఉంటే గైడ్ చూపిన ఇసుక అడుగు మీదే దిగాలి, పగడపు రాళ్ళు డెక్కలను గాయపరుస్తాయి. కింద కదిలే నీటిని చూస్తే కళ్ళు తిరుగుతాయి కాబట్టి చూపు దూరాన ఉంచండి. ఇక్కడ ఒకటి బాగా గుర్తుంచుకోవాలి. గుర్రం ఆగి ముందు కాలితో నీటిని తపతపా కొట్టడం మొదలుపెడితే అందరూ ముచ్చటపడి ఫోన్లు తీస్తారు. చాలాసార్లు అది పడుకుని దొర్లడానికి సిద్ధమవుతోందని సూచన. వెంటనే తల పైకి ఉండేలా పగ్గం ఎత్తి, పిక్కలతో గట్టిగా నొక్కి ముందుకు నడిపించాలి.

పొద్దు మునిగేవేళ గైడ్ గుర్రాలన్నిటినీ ఆపుతాడు. ఫొటోలు అతణ్ణే తీయనివ్వండి. సెల్ఫీ కర్ర గుర్రం కంటి పక్కన ఊగితే అది బెదురుతుంది. మన ఊళ్ళో పడమరకు తిరిగి నిలబడితే సూర్యుడు కుడివైపుకు వాలుతూ దిగుతాడు, దక్షిణార్ధగోళంలో ఎడమవైపుకు వాలుతూ దిగుతాడు. తెలియకుండానే మన కళ్ళు దాన్ని కుడివైపున వెదుకుతాయి. ఇంకొక మాట, సూర్యుడి మీదే దృష్టి పెట్టినవారు వెనక్కి తిరిగి చూడడం మరచిపోతారు. ఆ చివరి పది నిమిషాలలో కొండ పడమటి ముఖం బూడిద రంగు నుంచి రాగి రంగుకు, రాగి నుంచి ఊదాకు మారుతుంది. నా మటుకు నాకు సముద్రం మీది అస్తమయం కన్నా అదే ఎక్కువ నచ్చింది.

తిరుగు దారిలో గుర్రం ఇల్లు గుర్తుకొచ్చి అడుగు పెంచుతుంది, దాన్ని మామూలు నడకలోనే ఉంచాలి. చివరి పది నిమిషాలు నడిపిస్తే దాని ఒంటి వేడి తగ్గుతుంది. దిగేటప్పుడు రెండు పాదాలూ రికాబుల్లోంచి తీసేసి, పొట్ట జీనుకు ఆనించి మెల్లగా జారి, మోకాళ్ళు వంచి నేల తాకండి. కాళ్ళు ఒక నిమిషం మీవి కానట్టు వణుకుతాయి, జీను పట్టుకుని నిలబడండి. క్యారెట్ పెట్టాలనుంటే గైడ్‌ను అడిగి, వేళ్ళు చాచిన అరచేతి మీద పెట్టండి. మరుసటి ఉదయం తొడల లోపలి కండరాలు పట్టేస్తాయి, ఆ రోజు కొండ ఎక్కే కార్యక్రమం పెట్టుకోకండి.

వెంటనే కారెక్కకుండా ఐదు నిమిషాలు ఆగి, గుర్రాన్ని మంచినీళ్ళతో కడుగుతారో లేదో చూడండి. సముద్రపు ఉప్పు తంగు కింద ఆరిపోతే రాత్రంతా దురద పెడుతుంది. వీలైతే పైపు పట్టుకుంటానని మీరే అడగండి. ముందు కాళ్ళ మీద మొదలుపెట్టి, తంగు ఒత్తిన చోట పొట్ట కింద నీళ్ళు బాగా పారేలా పట్టండి.