దంతెల మిద్దెకు ఫాల్స్ సీలింగ్: గాలి దారి మూసేయకుండా వేయించడం ఎలా?

తిరుపతి, చిత్తూరు ఎండలకు తట్టుకోలేక దంతెల (కొయ్య దూలాల) మీద ఇటుక, సున్నంతో వేసిన పాత మిద్దెల కింద జిప్సం సీలింగ్ కొట్టించి, లోపల గ్లాస్ వూల్ (వేడిని ఆపే గాజు నారల పరుపు) పరిపిస్తున్నారు. వేడి తగ్గుతుంది, నిజమే. కానీ దంతెలకూ సీలింగుకూ మధ్య ఖాళీని నలువైపులా బిగించేస్తున్నారు. అక్కడే కొంప మునుగుతోంది.

సున్నం మిద్దె వానకు కొంత తేమ పీలుస్తుంది, తర్వాత పైకీ కిందికీ ఆరుతుంది. పైన వాటర్‌ప్రూఫ్ పెయింటు, కింద బోర్డు పడితే ఆ తేమ కొయ్యలోనే ఉండిపోతుంది. ముందు పుచ్చేది గోడలోకి దిగిన దంతె తల. చెదలు పట్టేదీ అక్కడే.

సామాను మామూలే: 12.5 మి.మీ. జిప్సం బోర్డు, జీఐ చానెళ్లు (బోర్డును మోసే, జింకు పూత పూసిన ఇనుప పట్టీలు), 50 మి.మీ. గ్లాస్ వూల్, 4 అంగుళాల పీవీసీ పైపు, స్టీలు జాలీ. పని మార్చి, మే మధ్య పెట్టుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల తడి అప్పటికి ఆరి ఉంటుంది. ముందు మిద్దె లీకులు కట్టండి, దంతె తలలను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే సీలింగు సంగతి తర్వాత, కొయ్య మార్చండి. చెదల మందు కొట్టించండి. చానెళ్లను స్క్రూలతోనే బిగించాలి, మేకుల దెబ్బలకు పాత సున్నం రాలుతుంది.

ఇక గాలి ఆడే కంతలు, అంటే గోడలో ఆ పీవీసీ పైపు పెట్టే రంధ్రాలు. దంతెలు ఆనిన రెండు గోడల్లోనూ, ఎదురెదురుగా, సీలింగు మట్టానికి పైన, 5 అడుగులకు ఒకటి పెట్టండి. 15 అడుగుల గోడకు మూడు. ఒక్క గోడకే పెడితే గాలి లోపలికి వస్తుంది గానీ బయటికి పోదు, అది పెట్టనట్టే. కంత రెండు దంతెల మధ్య రావాలి. దంతె తల కింద కొడితే దాని ఆనికే పోతుంది. సుత్తి, ఉలి వద్దు, గోడను గుండ్రంగా కోసే మిషను, కోర్ కట్టరే వాడించండి. సున్నం గోడలో ఒక ఇటుక కదిలితే పక్కవీ కదులుతాయి. పైపును బయటికి అర అంగుళం వాలుగా పెట్టి, బయట కొసకు కిందికి తిరిగిన ఎల్బో (వంపు ముక్క), జాలీ బిగించండి. ప్లాస్టిక్ జాలీని ఎలుకలు కొరికేస్తాయి.

పాత వెంటిలేటరు సీలింగుకు పైన పడితే అదృష్టమే. దాన్ని ఇటుకలతో మూయించే మేస్త్రీలున్నారు, ఆపండి. అద్దం తీసి జాలీ పెడితే చాలు. గోడకు గోడ ఆనుకున్న బజారువీధి ఇళ్లలో ఆ రెండు గోడలూ దొరకకపోతే వీధివైపు, పెరటివైపు గోడల్లో పెట్టండి. దంతెల కింద ఖాళీ గది పొడుగునా ఒకటే కాబట్టి గాలి ఆడుతుంది. వంటింట్లోకి మాత్రం తెరవద్దు, ఆవిరంతా కొయ్యకే పడుతుంది.

గ్లాస్ వూల్‌ను దంతెల మధ్య కుక్కే పద్ధతి పనికిమాలినది. బోర్డు మీద పరవాలి, పైన దంతెకు కనీసం 2 అంగుళాలు వదలాలి. ముక్కల మధ్య సందు వదలొద్దు. ఏసీ గదిలో చల్లబడ్డ బోర్డుకు ఆ సందులోంచే తేమ గాలి తగిలి నీటిచుక్కలు పడతాయి. పాలిథిన్ షీటు కప్పొద్దు, కారిన నీళ్లు దానిమీద నిలిచి లీకు బయటపడదు.

చివరగా సీలింగులో ఒక మూల 18 అంగుళాల తలుపు వదలండి. అందం చెడుతుందని డిజైనర్లు వద్దంటారు, వినకండి. ఏటా జనవరిలో టార్చి పట్టుకుని అందులోంచి దంతె తలలు పొడిచి చూడాలి, జాలీలకు పట్టిన దుమ్ము దులపాలి.