వాకింగ్‌లో వీధికుక్క మీదికొస్తే మన కుక్కల్ని ఎట్ల కాపాడుకోవాల

తిరపతిలో పొద్దన్నే బైరాగిపట్టెడ, కొర్లగుంట సందుల్లో కుక్కల్ని తిప్పేవాళ్లకి ఇది తెలిసిన తలనొప్పే. మటన్ అంగళ్ల దగ్గర, చెత్తకుండీల దగ్గర, పిల్లలు పెట్టిన తల్లికుక్క ఉండే చోట పోనేపోవద్దు, చుట్టు తిరిగైనా వేరే సందులో పోండి.

చేతిలో కర్రో గొడుగో ఉండాల్సిందే, నాకైతే గొడుగే నచ్చుతుంది, మొహమ్మీద టప్పున తెరిస్తే చానా కుక్కలు బిత్తరపోయి ఆగిపోతాయి. సాగే లీష్ (పొడుగు పెరిగే కుక్కతాడు) వద్దే వద్దు, రెండు కుక్కలుంటే అది కాళ్లకి చుట్టుకుని మనమే పడతాం.

వీధికుక్క గుర్రుమంటా వస్తాంటే పరిగెత్తొద్దు, మన కుక్కల్ని వెనక్కి లాక్కొని మధ్యలో నిలబడి, గట్టిగా "ఛీ పో" అని రాయి తీసుకున్నట్టు వంగండి, రాయి లేకపోయినా సరే, మన వీధికుక్కలకి ఆ వంగడం బాగా తెలుసు. దానికి వీపు చూపించకుండా మెల్లగా పక్కకి తప్పుకోండి.

కుక్కలు ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయా, నోళ్ల మధ్యలో చెయ్యి మాత్రం పెట్టొద్దు, నీళ్లు కొట్టండి, ఇద్దరుంటే చెరో కుక్క వెనక్కాళ్లు పట్టుకుని వెనక్కి లాగండి.

ఇంటికొచ్చినాక బొచ్చు విడదీసి మెడ కింద, చెవుల వెనక చూడండి, పంటిగాట్లు పైకి కనపడవు. గాటుంటే సబ్బుతో పారే నీళ్లకింద 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా ముందే వేయించినా సరే డాక్టర్‌కి చూపించండి, వెటర్నరీ కాలేజీ మన ఊర్లోనే ఉంది కదా. మీకు గీరుకున్నా అంతే, కడిగేసి అదేరోజు గవర్నమెంటాసుపత్రికి పోండి.