మోడెమ్ కాల్‌కు ఏ దూరప్రాంత కంపెనీ మేలు: పోల్చి చూసే పద్ధతి

1984లో టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ నుంచి స్థానిక టెలిఫోన్ సంస్థలు విడిపోయిన తరువాత, అమెరికాలో దూరప్రాంత కాల్‌ను ఏ కంపెనీ మీదుగా పంపాలో చందాదారే ఎంచుకునే వీలు క్రమంగా కలిగింది. మోడెమ్ (కంప్యూటర్‌ను ఫోన్ లైన్‌కు కలిపే పరికరం) వాడేవారిలో చాలామంది నిమిషానికి ఎంత అన్న ఒక్కటే చూసేవారు. లైన్ బాగాలేక ఫైల్ చేరడానికి రెట్టింపు సమయం పడితే ఆ చవక వల్ల లాభమేమీ ఉండదు. కింది పద్ధతి 1990ల నడిమి అమెరికా లైన్లకు, వి.34 ప్రమాణంతో సెకనుకు 28,800 బిట్ల వేగాన్ని అందుకునే మోడెమ్‌లకు సంబంధించినది.

పోల్చడానికి అప్పట్లో చందా మార్చుకోనక్కరలేకపోయేది. నంబరుకు ముందు ఐదంకెల కోడ్ నొక్కితే ఆ ఒక్క కాల్ ఆ కంపెనీ మీదుగా వెళ్లేది: ఏటీ అండ్ టీకి 10288, ఎంసీఐకి 10222, స్ప్రింట్‌కు 10333. మీ లైన్ ప్రస్తుతం ఏ కంపెనీకి కేటాయించి ఉందో 1-700-555-4141కు డయల్ చేస్తే తెలిసేది. కోడ్‌తో చేసే కాల్‌కు రేటు వేరుగా ఉండే వీలుండేది కనుక ముందే కనుక్కోవలసి వచ్చేది.

మీ ఇంటి నుంచి ఎక్స్ఛేంజి దాకా ఉన్న రాగి తీగ, అవతలి ఊళ్లో ఉన్న తీగ ఏ కంపెనీని ఎంచుకున్నా అవే. మారేది నడిమి మార్గం మాత్రమే. అందుచేత ముందుగా ఊళ్లోని నంబరుకే కాల్ చేసి చూడాలి. అక్కడే వేగం రాకపోతే తప్పు మీ తీగలోనో, ఇంటి వైరింగులోనో ఉండే అవకాశం ఎక్కువ.

తరువాత అదే మోడెమ్, అదే అవతలి నంబరు, సుమారు 500 కిలోబైట్ల అదే జిప్ ఫైల్ (ముందే కుదించినది) వాడాలి. మామూలు టెక్స్ట్ ఫైల్ పంపితే మోడెమ్‌లోని వి.42బిస్ అనే కుదింపు పద్ధతి దాన్ని దారిలోనే కుదించి, లేని వేగం ఉన్నట్టు చూపుతుంది. బదిలీకి జెడ్‌మోడెమ్ అనే ఫైల్ పంపే పద్ధతి మేలు. ఎక్స్‌మోడెమ్ అనే మరో పద్ధతి 128 బైట్లకొకసారి జవాబు కోసం ఆగుతుంది కాబట్టి లైన్ నాణ్యత కన్నా దూరాన్నే ఎక్కువగా కొలుస్తుంది.

తెర మీద కనిపించే ‘కనెక్ట్ 28800’ను నమ్మకూడదు. అది కాల్ కలిసిన క్షణాన రెండు మోడెమ్‌లు కుదుర్చుకున్న వేగం మాత్రమే. లైన్ చెడితే అవి బదిలీ మధ్యలో ఆగి మళ్లీ సర్దుబాటు చేసుకుంటాయి. ఆ కొన్ని సెకన్లు స్వీకరణ దీపం మినుకుమనడం మానేస్తుంది, బైట్ల లెక్క కదలదు. మంచి లైన్ మీద సెకనుకు 3,300 బైట్ల దాకా రావాలి. యూఎస్ రోబోటిక్స్ కొరియర్ మోడెమ్‌లో కాల్ ముగిశాక ఏటీఐ6 అనే ఆదేశం ఇస్తే సర్దుబాట్లు, దోషపు బ్లాకులు ఎన్నో కనిపిస్తాయి. ఏటీఐ11 ఆదేశం సంకేత బలాన్ని, రాకపోకల జాప్యాన్ని చూపుతుంది.

ఒకే కంపెనీలో కూడా ప్రతి కాల్ వేరే మార్గంలో వెళ్లవచ్చు. కాబట్టి కంపెనీలను మార్చిమార్చి, పని వేళల్లోనూ రాత్రిపూటా, ఒక్కొక్కదానికి కనీసం ఐదేసి కాల్స్ చేయాలి. అన్నిటికన్నా మంచి ఫలితాన్ని కాక, మధ్యస్థంగా వచ్చినదాన్ని తీసుకుని, దాని ప్రకారం ఒక ఫైల్‌కు ఎంత ఖర్చవుతుందో లెక్క కట్టాలి.

అమెరికా నుంచి హైదరాబాదు వంటి దూరదేశపు నంబర్లకు ఈ తేడాలు ఇంకా పెద్దవి. ఒకే సర్క్యూట్‌లో ఎక్కువ కాల్స్ పట్టించడానికి కొన్ని మార్గాల్లో స్వరాన్ని సెకనుకు 64 కిలోబిట్ల నుంచి 32కు కుదించేవారు. మాటకు అది చాలు గానీ, 28,800 సంకేతం దానిలో నిలవదు. అటువంటప్పుడు ఏటీ&ఎన్6 ఆదేశంతో కొరియర్‌ను సెకనుకు 9,600 బిట్లకే పరిమితం చేసి చూడండి; సర్దుబాట్లు తగ్గి ఫైల్ ముందే చేరవచ్చు.